వాయవ్య సిరియా భూకంపం, పిల్లలకు సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

2023 ఫిబ్రవరి భూకంపం గురించి తెలుగులో వచ్చిన వార్తల్లో ఎక్కువ భాగం తుర్కియే గురించే. సరిహద్దుకు అవతల, వాయవ్య సిరియాలో, పన్నెండేళ్లు కావస్తున్న యుద్ధంలో అప్పటికే నలిగిపోయిన పిల్లల సంగతి మనదాకా వచ్చింది తక్కువ. వాళ్లకు సాయం ఎందుకు ఆలస్యమైంది, ఏది మేలు చేసింది, మంచి మనసుతో పంపినా ఏది కీడు చేస్తుంది? విరాళం ఇవ్వాలనుకునేవాళ్లు, సేవారంగంలోకి రావాలనుకునే యువత, పిల్లలకు ఈ విషయం చెప్పాల్సివచ్చే ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలివి.

ఆ రోజు అసలేం జరిగింది?

2023 ఫిబ్రవరి 6, తెల్లవారుజాము 4:17. తుర్కియే ఆగ్నేయంలో గాజియాన్‌తెప్ దగ్గర 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. కుటుంబాలన్నీ గాఢనిద్రలో ఉన్న వేళ అది. అదే రోజు మధ్యాహ్నం 1:24కి కహ్రమాన్‌మరాష్ ప్రాంతంలో 7.5 తీవ్రతతో రెండోది వచ్చింది. పొద్దున్నే బీటలువారి ఎలాగో నిలబడ్డ కట్టడాలు ఈ రెండో దెబ్బ తట్టుకోలేకపోయాయి. ఫిబ్రవరి 20న హతాయ్ రాష్ట్రంలో ఆరుకు మించిన తీవ్రతతో ఇంకొకటి వచ్చి, కాస్త ధైర్యం చేసి ఇళ్లలోకి వెళ్లినవాళ్లను మళ్లీ వీధిలోకి తరిమింది.

తుర్కియేలో 53 వేల మందికి పైగా చనిపోయారు. వాయవ్య సిరియాలో 4,500 మందికి పైగా చనిపోయారని ఐక్యరాజ్యసమితి లెక్క. ప్రభుత్వ అధీనంలో ఉన్న అలెప్పో, లతాకియా, హమా ప్రాంతాల మరణాలు దీనికి అదనం. సిరియా మొత్తం మీద 25 లక్షల మందికి పైగా పిల్లలు భూకంపం బారిన పడ్డారని యూనిసెఫ్ చెప్పింది.

వాయవ్య సిరియా అంటే ఎక్కడ? అప్పుడు అది ఎవరి చేతిలో ఉంది?

ఇద్లిబ్, దానికి ఆనుకుని అలెప్పో రాష్ట్రపు ఉత్తర భాగం. అఫ్రిన్, జిందీరీస్, అజాజ్ లాంటి ఊళ్లు ఈ ఉత్తర భాగంలోనివే. 2023 నాటికి ఇద్లిబ్‌లో హయాత్ తహ్రీర్ అల్-షామ్ అనే సాయుధ సంస్థ పెత్తనం నడుస్తోంది. ఉత్తర అలెప్పోలో తుర్కియే అండ ఉన్న దళాలు ఉన్నాయి. రాజధాని డమాస్కస్‌లో అధ్యక్షుడు బషర్ అల్-అసద్ ప్రభుత్వం. ఈ మూడింటికీ ఒకదాని మీద ఒకదానికి నమ్మకం లేదు.

ఆ కొద్దిపాటి నేల మీద అప్పుడు 40 లక్షలకు పైగా జనం ఉండేవారు. వాళ్లలో సగానికి మించి దేశంలోని ఇతర ప్రాంతాల నుంచి యుద్ధం తరిమితే వచ్చినవాళ్లే. కొందరు ఐదారుసార్లు ఇల్లు మారినవాళ్లు. 2011 మార్చిలో మొదలైన యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలకు శాంతి అంటే ఏమిటో తెలియదు. బాంబు దాడుల్లో ఆసుపత్రులు దెబ్బతిన్నాయి, డాక్టర్లు దేశం విడిచి వెళ్లిపోయారు, నీటి వ్యవస్థ కుప్పకూలింది. 2022 సెప్టెంబరులో కలరా కూడా మొదలైంది. భూకంపం వచ్చింది ఇలాంటి చోటికి. అందుకే ఇక్కడ సాయాన్ని మామూలు విపత్తు కొలతలతో చూడకూడదు.

తుర్కియేకి కొన్ని గంటల్లోనే విమానాలు వెళ్లాయి కదా. కొన్ని కిలోమీటర్ల అవతలికి ఎందుకు వెళ్లలేదు?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

2014లో భద్రతా మండలి 2165వ తీర్మానంతో, డమాస్కస్ అనుమతి లేకపోయినా నాలుగు సరిహద్దు ద్వారాల గుండా ఐరాస సాయం పంపవచ్చని ఒప్పుకుంది. అసద్‌కు అండగా ఉన్న రష్యా వీటో అధికారంతో బేరమాడుతూ రాగా, 2020 జనవరిలో ఆ నాలుగు రెండయ్యాయి, జులైలో ఒక్కటే మిగిలింది. అదే తుర్కియే నుంచి ఇద్లిబ్‌కు వెళ్లే బాబ్ అల్-హవా. దానికి కూడా ఆరేసి నెలలకో, ఏడాదికో గడువు పొడిగించుకుంటూ రావాలి. భూకంపానికి నెలరోజుల ముందే, 2023 జనవరి 9న, 2672వ తీర్మానంతో మరో ఆరు నెలలు పొడిగించారు. అంటే 40 లక్షల మంది బతుకు ఒక్క రోడ్డు మీద ఆధారపడి ఉంది. భూకంపం ఆ రోడ్డునే దెబ్బతీసింది. తుర్కియే వైపు సహాయ కార్యక్రమం నడిపించే గాజియాన్‌తెప్, సరుకు లారీలు మార్చే హతాయ్ రెండూ భూకంప కేంద్రానికి దగ్గర్లోనివే. ఆ పని చేసే సిబ్బందే ఇళ్లు కూలి, బంధువులను పోగొట్టుకుని ఉన్నారు.

ఐరాస మొదటి లారీలు ఫిబ్రవరి 9న దాటాయి. ఆరే ఆరు లారీలు. అవి కూడా భూకంపానికి ముందే పంపాలనుకున్న సామగ్రి. శిథిలాల కింద ఉన్నవాళ్లను తీయడానికి కావలసిన క్రేన్లు, కటింగ్ యంత్రాలు, డీజిల్ వాటిలో లేవు. బాబ్ అల్-సలామ్, అల్-రాయీ అనే మరో రెండు ద్వారాలు తెరవడానికి అసద్ ఒప్పుకున్నట్టు ఐరాస ప్రకటించింది ఫిబ్రవరి 13న. అప్పటికి వారం గడిచిపోయింది. ఇంత ఘోరం జరిగినప్పుడు ఆ అనుమతి కోసం ఎదురుచూడాల్సిన పనే లేదని అంతర్జాతీయ న్యాయ నిపుణులు పలువురు అన్నారు. ఈ వాదనే సరైనదని మా అభిప్రాయం. ప్రాణాలు పోతుంటే సంతకం కోసం ఆగడం ఏ చట్టం ఉద్దేశమూ కాదు.

తప్పు ఒక్కరిది కాదు. డమాస్కస్ నుంచి వచ్చే సాయాన్ని హయాత్ తహ్రీర్ అల్-షామ్ వద్దంది. ఈశాన్యంలోని కుర్దుల పాలన నుంచి వచ్చిన ఇంధనం లారీలూ రాజకీయాల మధ్య చిక్కుకున్నాయి. ఐరాస సహాయ విభాగం అధిపతి మార్టిన్ గ్రిఫిత్స్ ఫిబ్రవరి 12న సరిహద్దు దగ్గర నిలబడి, వాయవ్య సిరియా ప్రజల విషయంలో ఇప్పటిదాకా విఫలమయ్యామని, తమను గాలికొదిలేశారని వాళ్లు అనుకోవడంలో న్యాయముందని బహిరంగంగా ఒప్పుకున్నారు. మార్చిలో ఐరాస విచారణ సంఘం కూడా ఇంచుమించు ఇదే మాట చెప్పింది. సిరియా ప్రభుత్వం, అంతర్జాతీయ సమాజం, ఐరాస కలిసికట్టుగా విఫలమయ్యాయని తేల్చింది.

మరి శిథిలాల నుంచి పిల్లల్ని బయటికి తీసింది ఎవరు?

అక్కడివాళ్లే. ముఖ్యంగా వైట్ హెల్మెట్స్ అని ప్రపంచానికి తెలిసిన సిరియా పౌర రక్షణ దళం. సుమారు మూడు వేల మంది వాలంటీర్లు. బాంబులు పడి కూలిన ఇళ్ల కింద నుంచి మనుషుల్ని తీయడంలో ఏళ్ల తరబడి ఆరితేరినవాళ్లు. దళం దగ్గర అనుభవం ఉంది, యంత్రాలు మాత్రం సరిపడా లేవు. హారిమ్, సల్కీన్, జిందీరీస్ లాంటి ఊళ్లలో పక్కింటివాళ్లు పలుగులతో, పారలతో, ఉత్త చేతులతో తవ్వారు.

భూకంపంలో ప్రాణాలతో బయటపడేవాళ్లలో ఎక్కువమంది మొదటి ఒకటి రెండు రోజుల్లోనే బయటికి వస్తారు. విదేశీ బృందం వచ్చేలోపే ఆ సమయం చాలావరకు అయిపోతుంది. కాబట్టి విపత్తుకు ముందే స్థానిక దళాలకు యంత్రాలు, ఇంధనం, శిక్షణ ఇచ్చిపెట్టడమే పిల్లల ప్రాణాలు కాపాడే అసలైన ఏర్పాటు. దాతలకు ఇది అంతగా పట్టదు. విపత్తు రాకముందు ఎవరూ ఫొటో తీయరు కదా.

బయటికి తీశాక కూడా కొందరు పిల్లలు చనిపోయారని విన్నాం. ఎందుకలా?

కాలో చెయ్యో గంటల తరబడి బరువు కింద నలిగితే కండరాలు చచ్చిపోతాయి. బరువు తీసేయగానే ఆ కండరాల్లోంచి పొటాషియం, ఇతర పదార్థాలు ఒక్కసారిగా రక్తంలో కలుస్తాయి. గుండె ఆగిపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. అందుకే శిథిలాల్లో ఉండగానే సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాలంటారు. తర్వాత డయాలసిస్ అవసరం పడుతుంది. డయాలసిస్ యంత్రాలు, కరెంటు, పిల్లల డాక్టర్లు కరువైన చోట ఇది ప్రాణాంతకం.

తల్లిదండ్రులు కనిపించని పిల్లల్ని ఏం చేస్తారు?

ముందుగా తేడా తెలుసుకోవాలి. అమ్మానాన్నల నుంచి విడిపోయినా మేనమామ దగ్గరో నానమ్మ దగ్గరో ఉన్న పిల్లలు ఒక రకం. ఏ పెద్దదిక్కూ లేకుండా ఒంటరిగా ఉన్నవాళ్లు ఇంకో రకం. రెండోవాళ్లకు ప్రమాదం చాలా ఎక్కువ. అయితే వీళ్లెవరినీ వెంటనే అనాథలనకూడదు. తండ్రి వేరే ఆసుపత్రిలో స్పృహలేకుండా పడి ఉండవచ్చు, తల్లిని సరిహద్దు దాటించి తుర్కియేలో చేర్చి ఉండవచ్చు. మొదటి వారాల్లో అనాథ అన్న ముద్ర వేయడమంటే ఆ పిల్లవాడి కుటుంబాన్ని వెతకడం మానేయడమే.

పని ఇలా సాగుతుంది. పిల్లవాడు దొరికిన చోటు, సమయం, వేసుకున్న బట్టలు, ఒంటి మీది గుర్తులు, వెంట తెచ్చినవాళ్ల వివరాలు అప్పటికప్పుడు రాసుకుంటారు. పెద్ద పిల్లలైతే ఇంటిపేరు, వీధి, బడి, మసీదు అడుగుతారు. మాటలు రాని పసివాళ్ల విషయంలో మొదటి గంటలో రాసిపెట్టిన వివరమే ఆధారం. దాన్ని అప్పుడే రాయకపోతే మరి దొరకదు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను విడదీయకూడదు. ఆసుపత్రి నుంచి పిల్లల్ని అప్పగించేముందు తీసుకెళ్లేవాళ్లు నిజంగా బంధువులేనా అని సరిచూడాలి. గందరగోళంలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లూ తిరుగుతుంటారు. కుటుంబాల వెతుకులాటలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీకి చాలాకాలపు అనుభవం ఉంది. ఊరిస్థాయిలో మాత్రం స్థానిక సామాజిక కార్యకర్తలే దిక్కు.

వెతుకుతున్నంతకాలం పిల్లల్ని బంధువుల దగ్గరో, తెలిసిన కుటుంబంలోనో ఉంచడం మేలు. హాస్టళ్లు, అనాథాశ్రమాలు చివరి దారి. కొత్త అనాథాశ్రమం కడతామని ముందుకొచ్చే దాతలు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల మంచి మనసును శంకించనక్కర్లేదు. కానీ ఆ డబ్బును పిల్లల్ని పెంచుతున్న నానమ్మకు నెలనెలా అందిస్తే ఆ పిల్లలు తమ ఇంట్లోనే పెరుగుతారు. పైగా ఆశ్రమంలో తిండి, చదువు ఉంటాయని తెలిస్తే పేద తల్లిదండ్రులే పిల్లల్ని తెచ్చి అప్పగించే పరిస్థితి వస్తుంది.

అలాంటి పిల్లల్ని మేం దత్తత తీసుకోవచ్చా?

వద్దు. అడిగేవాళ్ల ప్రేమ మాకు అర్థమవుతుంది, అయినా జవాబు ఇదే. విపత్తు జరుగుతున్న కాలంలో పిల్లల్ని విదేశీ దత్తతకు ఇవ్వకూడదని యూనిసెఫ్, ఐరాస శరణార్థుల సంస్థ స్పష్టంగా చెబుతాయి. పైగా సిరియా చట్టం ముస్లిం పిల్లల దత్తతను అనుమతించదు. కఫాలా అనే పద్ధతిలో పిల్లల పోషణ బాధ్యత తీసుకోవచ్చు గానీ వంశం, ఇంటిపేరు మారవు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణ కఫాలాను పేరుపెట్టి గుర్తించింది.

తొందరపడితే ఏమవుతుందో 2010లో హైతీ చూపించింది. భూకంపం జరిగిన కొద్దిరోజులకే పదిమంది అమెరికన్లు 33 మంది పిల్లల్ని బస్సులో ఎక్కించుకుని పొరుగు దేశానికి బయల్దేరి సరిహద్దు దగ్గర అరెస్టయ్యారు. విచారిస్తే ఆ పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు.

పసిపిల్లలకు పాలపొడి డబ్బాలు పంపితే తప్పేమిటి?

విపత్తు అనగానే చాలామందికి మొదట తోచేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. పాలపొడి కలపడానికి శుభ్రమైన నీళ్లు, కాచుకోవడానికి ఇంధనం, కడిగిన గిన్నె, కొలతలు చదవగలిగే భాషలో సూచనలు కావాలి. కలరా ఉన్న గుడారాల శిబిరంలో వీటిలో ఒక్కటీ ఉండదు. మురికినీళ్లతో కలిపిన పాలు తాగిన పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆరు నెలల్లోపు బిడ్డ విరేచనాలకు రోజుల్లో నీరసించి చనిపోవచ్చు.

ఇందుకు గట్టి సాక్ష్యం ఉంది. 2006 మేలో ఇండోనేసియాలోని యోగ్యకర్తా భూకంపం తర్వాత పాలపొడి విరాళాలు విచ్చలవిడిగా పంచారు. తర్వాత రెండేళ్లలోపు పిల్లల్ని పరిశీలిస్తే, పాలపొడి అందుకున్నవాళ్లలో 25 శాతానికి పైగా విరేచనాల పాలయ్యారు. అందుకోనివాళ్లలో అది 12 శాతం లోపే.

భయానికి తల్లికి పాలు ఎండిపోతాయన్న నమ్మకం అన్నిచోట్లా ఉంది. దిగులు వల్ల పాలు దిగడం కొంతసేపు ఆలస్యం కావచ్చు, అంతేగాని పాలు తయారవడం ఆగిపోదు. బిడ్డకు మళ్లీ మళ్లీ పట్టిస్తూ ఉంటే వస్తాయి. తల్లికి కావలసింది చాటుగా కూర్చునే చోటు, తిండి, నీళ్లు, ధైర్యం చెప్పే ఒక అనుభవజ్ఞురాలు. తల్లి చనిపోయిన బిడ్డ సంగతి వేరు. అలాంటి బిడ్డకు పాలిచ్చే మరో తల్లి దొరక్కపోతే పోతపాలు తప్పవు. అప్పుడు కూడా ఆరోగ్య కార్యకర్త చూసి, ఆ బిడ్డకు సరిపడా లెక్కగట్టి, సీసాతో కాకుండా చిన్న కప్పుతో పట్టించమని నేర్పి ఇవ్వాలి. లారీ ఎక్కి అందరి చేతుల్లోకీ డబ్బాలు విసిరే పద్ధతి మాత్రం పనికిరాదు.

పిల్లల్లో పోషకాహార లోపాన్ని శిబిరంలో ఎలా కనిపెడతారు?

మూడు రంగుల టేపుతో. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల జబ్బ మధ్యభాగాన్ని కొలుస్తారు. 115 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఎరుపు, అంటే తీవ్రమైన లోపం. 115 నుంచి 125 మధ్య పసుపు, అంటే ఒక మోస్తరు లోపం. తల్లులకు నేర్పితే వాళ్లే కొలుచుకోగలరు. తీవ్ర లోపం ఉండి వేరే జబ్బులేమీ లేని పిల్లలకు వేరుశనగ, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు కలిపిన పేస్టు ప్యాకెట్లు ఇస్తారు. ఒక్కో ప్యాకెట్‌లో సుమారు 500 కేలరీలు. నీళ్లు కలపనక్కర్లేదు, వండనక్కర్లేదు.

నీళ్లు, రోగాలు, టీకాలు?

మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు అందాలన్నది మానవతా సాయంలో అందరూ పాటించే స్ఫియర్ ప్రమాణం. భూకంపంలో ట్యాంకులు, పైపులు పగిలాక చాలా శిబిరాల్లో ట్యాంకర్లే ఆధారం. 2023 మార్చి 7న వాయవ్య సిరియాలో 17 లక్షల డోసులతో, నోట్లో వేసే కలరా టీకా కార్యక్రమం మొదలైంది. భూకంపం జరిగిన నెలరోజులకే, ముక్కలైన ఆ నేల మీద, ఇల్లిల్లూ గుడారం గుడారం తిరిగి దాన్ని నడిపింది అక్కడి ఆరోగ్య కార్యకర్తలు. ఆ పనికి ప్రపంచపు పత్రికల్లో దొరికిన చోటు చాలా చిన్నది.

కిక్కిరిసిన శిబిరాల్లో తట్టు వేగంగా పాకుతుంది కాబట్టి ఆరు నెలల నుంచి పదిహేనేళ్ల పిల్లలకు తట్టు టీకా, చిన్నవాళ్లకు దానితోపాటు విటమిన్ ఎ మొదటి వరుసలో ఉంటాయి. విరేచనాలకు ఓఆర్ఎస్, జింక్.

ఫిబ్రవరి చలిలో పిల్లల్ని ఎలా కాపాడారు?

అందరినీ కాపాడలేకపోయారు. మంచు, సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రత, గుడారాల కొరత. కుటుంబాలు కార్లలో, ఆలివ్ తోటల్లో, ప్లాస్టిక్ పట్టాల కింద గడిపాయి. వెచ్చదనం కోసం ప్లాస్టిక్, పాత టైర్లు తగలబెడితే పొగకు పిల్లల ఊపిరితిత్తులు చెడతాయి. గుడారంలో పెట్టిన పొయ్యి వల్ల నిప్పంటుకుంటుంది, మూసిన గుడారంలో కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కాబట్టి చలికాలపు సాయమంటే దుప్పట్లతో పాటు సురక్షితమైన హీటరు, ఇంధనం, నేల మీద పరిచే ఇన్సులేషన్, గుడారాల మధ్య తగినంత దూరం కూడా.

పిల్లల మనసుకు తగిలిన గాయానికి ఏం చేయాలి?

చిన్నపిల్లలు మళ్లీ పక్క తడపడం మొదలుపెడతారు, అమ్మ కొంగు వదలరు, ఇంట్లోకి రామంటారు. పెద్దపిల్లలు మాట్లాడటం మానేస్తారు, లేదా అకారణంగా కొట్లాడతారు. వాయవ్య సిరియా పిల్లలకు ఇంకో చిక్కుంది. బాంబులప్పుడు ఇంట్లోకో నేలమాళిగలోకో పరుగెత్తమని నేర్చుకున్నారు. భూకంపంలో ఇల్లే మీద పడింది. ఇప్పుడు ఎక్కడికి పరుగెత్తాలి?

మొదటి వారాల్లో ఈ మార్పులు చాలావరకు మామూలే. భద్రత, దినచర్య, తమవాళ్లు దొరికితే ఎక్కువమంది పిల్లలు క్రమంగా కోలుకుంటారు. శిబిరాల్లో పిల్లల కోసం ఆటస్థలాలు ఏర్పాటుచేసేది ఇందుకే. ఒకే వేళకు వచ్చి, అదే అక్కను చూసి, అదే పాట పాడి, బొమ్మలు గీసి వెళ్లడంలో చాలా బలముంది. చేయకూడనిది కూడా చెప్పాలి. ఏం జరిగిందో మొత్తం చెప్పమని పిల్లల్ని కూర్చోబెట్టి గుచ్చిగుచ్చి అడగకూడదు. అలాంటి ఒక్కపూట కౌన్సెలింగ్ మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పిల్లలు తామంతట తాము చెబితే వినాలి. నెలలు గడిచినా తిండి, నిద్ర, మాట కుదురుకోని పిల్లలకు నిపుణుల వైద్యం కావాలి. అక్కడ మానసిక వైద్యుల కొరత మాత్రం చాలా ఎక్కువ.

తల్లిదండ్రుల్ని మరిచిపోకూడదు. కుంగిపోయిన తల్లికి అందే ఆసరా నేరుగా బిడ్డకు చేరుతుంది.

బడి అంత అత్యవసరమా?

అవును. భూకంపం తర్వాత చాలా బళ్లు కూలాయి లేదా బీటలువారాయి. నిలబడ్డవి నిరాశ్రయుల వసతిగా మారాయి. బడి మూతపడ్డ నెలల్లో మగపిల్లలు కూలిపనుల్లోకి, ఆడపిల్లలు పెళ్లిళ్లలోకి వెళ్లిపోతారు. వెళ్లినవాళ్లు తిరిగి రావడం అరుదు. గుడారంలోనైనా సరే, రోజుకు రెండు గంటలైనా సరే, తరగతి నడవాలి. టీచర్లకు జీతం అందాలి. వాయవ్య సిరియాలో ఎందరో టీచర్లు నెలల తరబడి జీతం లేకుండానే పాఠాలు చెప్పారు. భవనాల మరమ్మతుకు డబ్బిచ్చే దాతలు జీతాలు అనగానే వెనక్కి తగ్గుతారు. టీచరు లేని బడిని ఏం చేసుకోవాలి?

భూకంపానికీ మందుపాతరలకూ ఏమిటి సంబంధం?

పన్నెండేళ్ల యుద్ధంలో పేలకుండా మిగిలిన బాంబులు, షెల్స్ మట్టిలో, కూలిన ఇళ్లలో ఉన్నాయి. శిథిలాలు కదిలినా, తొలగించినా అవి బయటపడతాయి. ఇనుము ఏరి అమ్ముకునే పిల్లలకు అవి ఆటవస్తువుల్లానో పాత సామానులానో కనిపిస్తాయి. ముట్టుకోవద్దు, దగ్గరికి వెళ్లవద్దు, పెద్దవాళ్లకు చెప్పు అన్న మూడు మాటల్ని బొమ్మలతో, నాటకాలతో నేర్పడం కూడా అత్యవసర సాయమే.

ఆంక్షల వల్ల సాయం ఆగిందా?

అసద్ ప్రభుత్వం మీద అమెరికా, ఐరోపా విధించిన ఆంక్షల్లో ఆహారం, మందులకు మినహాయింపులు ముందునుంచీ ఉన్నాయి. చిక్కంతా బ్యాంకులతో. సిరియా పేరు చూడగానే భయపడి డబ్బు బదిలీ ఆపేసేవి. 2023 ఫిబ్రవరి 9న అమెరికా 180 రోజులపాటు భూకంప సాయపు లావాదేవీలకు ప్రత్యేక అనుమతి ఇచ్చింది. అదే నెల 23న ఐరోపా సమాఖ్య ఆరు నెలల సడలింపు ఇచ్చింది. మేలే జరిగింది, కానీ బ్యాంకుల భయం ఒక ఉత్తర్వుతో పోలేదు.

వస్తువులు మంచివా, డబ్బా?

మార్కెట్ నడుస్తున్న చోట డబ్బే మంచిది. భూకంపం తర్వాత వాయవ్య సిరియాలో దుకాణాలు త్వరగానే తెరుచుకున్నాయి. అక్కడ 2020 జూన్ నుంచి తుర్కియే లీరా చలామణిలో ఉండేది. బ్యాంకులు లేవు కాబట్టి, ఒకచోట డబ్బు కట్టించుకుని నమ్మకం మీద ఇంకోచోట అందించే హవాలా వ్యాపారుల ద్వారా డబ్బు చేరేది. హవాలా అంటే మన దగ్గర నేరం అన్న భావన ఉంది. అక్కడ పెద్ద సహాయ సంస్థలు సైతం రశీదులు, తనిఖీలతో అధికారికంగా వాడుకున్న మార్గం అదే. ఏ బిడ్డకు డైపర్లు కావాలో, ఏ బిడ్డకు ఉబ్బసం మందు కావాలో తల్లికి తెలిసినట్టు లారీ నింపేవాళ్లకు తెలియదు.

వాడిన బట్టలు దయచేసి పంపకండి. వాటిని వేరుచేయడానికి పట్టే మనుషులు, లారీలో అవి ఆక్రమించే చోటు మందుల నుంచి లాక్కున్నవే.

డబ్బు సాయుధ ముఠాల చేతికి పోదా?

ఆ ప్రమాదం నిజమే. చెక్‌పోస్టుల దగ్గర సుంకాలు అడగటం, జాబితాల్లో తమవాళ్ల పేర్లు చేర్చమనడం యుద్ధప్రాంతాల్లో మామూలు. ప్రభుత్వాలూ ఇందుకు అతీతం కాదు. సాయంగా వచ్చే డాలర్లను తక్కువ అధికారిక మారకపు రేటుకు మార్పించి డమాస్కస్ అందులో కొంత భాగాన్ని మింగేసేదన్న విమర్శ చాలాకాలం నడిచింది. దీనికి విరుగుడు లబ్ధిదారుల జాబితాను సంస్థే స్వయంగా తయారుచేసుకోవడం, పంచాక ఇల్లిల్లూ తిరిగి అడగడం, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఇవ్వడం, బయటివాళ్లతో తనిఖీ చేయించడం. సాయం మొత్తానికే ఆపేస్తే ముఠాలు ఆకలితో చావవు. చచ్చేది పిల్లలు.

గుర్తింపు కాగితాల గురించి ఎందుకంత పట్టింపు?

వాయవ్య సిరియాలో పుట్టిన పిల్లలకు జనన పత్రం ఇచ్చింది స్థానిక పాలకులు. వాటిని డమాస్కస్ గుర్తించలేదు. ఉన్న కాస్త కాగితాలు, ఇంట్లోవాళ్ల పేర్లు అధికారికంగా నమోదయ్యే కుటుంబ పుస్తకాలు శిథిలాల్లో పోయాయి. తండ్రి చనిపోయి, కాగితం లేకపోతే బిడ్డ ఎవరి బిడ్డో రుజువు కాదు. ఆస్తి హక్కు, పరీక్షల్లో కూర్చోవడం, సరిహద్దు దాటి వైద్యానికి వెళ్లడం అన్నీ ఆగిపోతాయి. అందుకే కాగితాలు తిరిగి ఇప్పించే న్యాయసహాయానికి వెళ్లే డబ్బు వృథా అనుకోవద్దు.

ఇప్పుడు అక్కడ పరిస్థితి మారిందా?

చాలా మారింది. 2024 డిసెంబరు 8న అసద్ ప్రభుత్వం కూలిపోయింది. 2025 మార్చిలో ఏర్పడిన కొత్త ప్రభుత్వంలో వైట్ హెల్మెట్స్ నాయకుడు రాయెద్ అల్-సాలెహ్ విపత్తు నిర్వహణ మంత్రి అయ్యారు. 2025లో అమెరికా, ఐరోపా ఆర్థిక ఆంక్షలను చాలావరకు తొలగించాయి. కుటుంబాలు సొంత ఊళ్లకు తిరిగి వెళ్తున్నాయి. అయితే అక్కడ ఇళ్లు లేవు, బళ్లు లేవు, పొలాల్లో మందుపాతరలు ఉన్నాయి. వెళ్లినవాళ్లలో పిల్లలతో సహా ఎందరో వాటికి బలయ్యారు.

ఇలాంటిదే ఇంకెక్కడైనా జరిగిందా?

2023 అక్టోబరు 7న ఆఫ్ఘనిస్తాన్‌లోని హెరాత్‌లో 6.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మట్టి ఇళ్లు కూలి చనిపోయినవాళ్లలో 90 శాతానికి పైగా స్త్రీలు, పిల్లలేనని యూనిసెఫ్ చెప్పింది. మగవాళ్లు పనుల మీద బయట ఉన్న వేళ అది. అక్కడ మహిళా సహాయ కార్యకర్తలపై తాలిబన్ల ఆంక్షలు తల్లులకూ పిల్లలకూ సాయం చేరకుండా అడ్డుపడుతున్నాయి. 2025 మార్చి 28న మయన్మార్‌లో మాండలే దగ్గర 7.7 తీవ్రతతో భూకంపం వచ్చిన తర్వాత కూడా సైన్యం వైమానిక దాడులు సాగించింది. ఎక్కడ చూసినా అడ్డంకి దారి, అనుమతి దగ్గరే మొదలవుతుంది.

పిల్లల ఫొటోలు పంచుకుంటే అవగాహన పెరుగుతుంది కదా?

ముఖం, పేరు, ఊరు కలిసి బయటికి వస్తే ఒంటరి పిల్లల్ని వెతికే దుర్మార్గులకు అది చిరునామా. యుద్ధప్రాంతంలో తండ్రి ఏ వర్గమో కూడా దానితో తెలిసిపోవచ్చు. శిథిలాల్లోంచి తీస్తున్న పిల్లవాడి వీడియోను మీ బిడ్డదైతే పంచుకుంటారా అని ఒక్కసారి ఆలోచించండి.

విరాళానికి సంస్థను ఎలా ఎంచుకోవాలి?

ఆ ప్రాంతంలో విపత్తుకు ముందునుంచీ పనిచేస్తోందా అని చూడండి. స్థానిక సంస్థలకు ఎంత డబ్బు చేరవేస్తోంది, ఖర్చుల లెక్క ఏటా బయటపెడుతోందా, పిల్లలతో పనిచేసే సిబ్బంది గతాన్ని తనిఖీ చేస్తుందా, వేధింపులపై ఫిర్యాదుకు దారి ఉందా అని అడగండి. అడిగితే విసుక్కునే సంస్థకు ఇవ్వకండి. విదేశాలకు డబ్బు పంపడానికి మన దేశంలో నిబంధనలున్నాయి కాబట్టి వాటి ప్రకారం నడిచే సంస్థనే ఎంచుకోండి. ఇది ఫలానా వస్తువుకే వాడాలి అని కట్టడి పెట్టకుండా, వీలైతే నెలకు కొంత చొప్పున ఇవ్వండి. వార్తలు ఆగిపోయిన ఆరో నెలలో టీచరు జీతం, టేపు పట్టుకుని గుడారాలు తిరిగే ఆరోగ్య కార్యకర్త బస్సు చార్జీలు ఆ డబ్బుతోనే నడుస్తాయి.